పసిబిడ్డకు పేరు పెట్టే వేళ

కోల్‌కతా మహానగరంలో హుగ్లీ నదికి చేరువగా, ఖిదిర్‌పూర్ రేవు పక్కన వాట్‌గంజ్ అనే పేట ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో కల్నల్ హెన్రీ వాట్సన్ అనే కంపెనీ ఇంజనీరు ఈ ప్రాంతంలో ఓడల నిర్మాణానికి పూనుకున్నాడు. ఆయన పేరుకు 'గంజ్' చేరి ఈ పేట వాట్‌గంజ్ అయినది. వాట్సన్‌లోని చివరి అక్షరాలు జనం నోట అరిగిపోయినవి. అంతటి దొరగారి పేరునే సగానికి కుదించి వాడుకున్న వీధి, మన పిల్లల పేర్లను ఉన్నవి ఉన్నట్లుగా పలుకుతుందని ఆశించగలమా?

ఉద్యోగరీత్యా బదిలీపై వచ్చి ఈ పేటలో కొన్నేళ్లుగా కాపురముంటున్న దంపతులము మేము. బెంగాలీ, హిందీ, ఉర్దూ, ఒరియా, తెలుగు ఒకే సందులో వినిపించే చోటు ఇది. ఇక్కడ ఉంటూ మేము నేర్చుకున్న సంగతులలో పేర్ల సంగతి ఒకటి. మన సంస్థ ఉద్యోగులు ఎప్పుడు ఏ రాష్ట్రానికి బదిలీ అవుతారో చెప్పలేము. అందుచేత ఈ నాలుగు మాటలు పుట్టబోయే బిడ్డకు పేరు వెతుకుతున్న యువ దంపతులకు కొంతైనా ఉపకరిస్తాయని భావిస్తున్నాము.

బెంగాలీల నోట మన వకారము బకారమో భకారమో అవుతుంది. పదం మొదటి యకారము జకారమవుతుంది. అకారము ఒకారపు ఛాయను పొందుతుంది. కనుక వెంకట్ 'భెంకట్' అవుతాడు. విశ్వనాథం 'బిశ్శొనాథ్' అవుతాడు. యశోద 'జశోద'గా, లక్ష్మి 'లొక్ఖి'గా మారుతారు. ఇందులో వారి తప్పేమీ లేదు. వారి పేర్లను మనమూ మన నోటికి తగినట్లే పలుకుతున్నాము. అయితే ఈ మార్పును తట్టుకొని నిలిచే పేర్లు కొన్ని, తట్టుకోలేక నవ్వులపాలయ్యేవి కొన్ని ఉంటాయి.

ముద్దుపేర్ల విషయంలో ఇది మరీ స్పష్టము. మన ఇళ్లలో మగపిల్లవాడిని 'నాని' అని పిలుచుకోవడం పరిపాటి. హిందీ, ఉర్దూ మాట్లాడేవారికి నాని అంటే అమ్మమ్మ. సాయంత్రం వేళ మేడ మీది నుండి తల్లి "నానీ, నానీ" అని కేకవేయగా, నిక్కరు తొడుక్కున్న ఆరేళ్ల కుర్రవాడు పరుగున రావడం చూసి సందులోని పిల్లలందరూ పగలబడి నవ్వడం మేము చూచినదే. 'చిన్ని' అన్న పాపకు మాత్రం అదృష్టం కలిసివచ్చినది. ఆ మాటకు దగ్గరగా వినిపించే 'చిని' అంటే ఇక్కడ పంచదార. 'బుడ్డోడు' అంటే ముసలివాడిని పిలిచినట్లుంటుంది.

ఆడ మగ భేదము కూడా ఊరు దాటితే తారుమారవుతుంది. మనకు జ్యోతి అంటే ఆడపిల్ల. పశ్చిమ బెంగాల్‌ను 1977 నుండి 2000 వరకు పాలించిన ముఖ్యమంత్రి పేరు జ్యోతి బసు. మన యామినియే ఇక్కడ జామిని. సుప్రసిద్ధ చిత్రకారుడు జామినీ రాయ్ పురుషుడే. కాబట్టి ఒక పేరును ఎంచుకొనే ముందు ఆ పేరు మన ఊరి బయట ఏమవుతుందో ఒక్కమారు విచారించుట మంచిది.

ఇట్లా అన్నంత మాత్రాన కొత్త పేర్లు పెట్టరాదని మా అభిప్రాయం కాదు. శాంతినికేతన్‌లో 1933లో పుట్టిన ఒక పసివాడికి రవీంద్రనాథ్ టాగోర్ 'అమర్త్య' అని పేరు పెట్టారు. నాటికి అది వాడుకలో ఉన్న పేరు కాదు. కాని అర్థమున్నది, పలుకుబడి ఉన్నది. ఆ పసివాడే అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి నందుకున్న అమర్త్య సేన్. పేరు కొత్తదైతే దోషము లేదు. అర్థము చెప్పమని అడిగితే బిడ్డ తల వంచుకోవలసి వస్తే దోషము.

బెంగాలీలు ఈ చిక్కును చాలా నేర్పుగా పరిష్కరించుకున్నారు. ప్రతి బిడ్డకు రెండు పేర్లుంటాయి. ఇంట్లో పిలుచుకొనేది 'డాక్ నామ్', బడిలోను కాగితాలలోను ఉండేది 'భాలో నామ్'. తల్లిదండ్రుల సరదా అంతా మొదటి దానిలో తీరుతుంది. సత్యజిత్ రాయ్ ఇంట్లో మాణిక్. ఎంత చిలిపి పేరైనా గడప దాటదు. గడప దాటిన పేరుకు గౌరవము తగ్గదు. ఈ రెండూ కలగాపులగమైతే ఏమవుతుందో అమెరికాలో పెరిగిన రచయిత్రి ఝుంపా లాహిరికి అనుభవమే. ఆమె అసలు పేరు నీలాంజన సుదేష్ణ. పలకడానికి తేలికగా ఉన్నదని బడిలో టీచరు ముద్దుపేరుతోనే పిలవగా, అదే స్థిరపడినది. పేరుతో ఇబ్బంది పడే ఒక బెంగాలీ యువకుని కథగా ఆమె 2003లో 'ది నేమ్‌సేక్' అనే నవల వ్రాశారు.

మన పెద్దలకు మాత్రం ఈ వివేకము లేదా అని ఎవరైనా అడుగవచ్చు. తప్పక ఉన్నది. పుట్టిన బిడ్డలు వరుసగా పోతుంటే, తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య అనీ, ఎంగిలి విస్తరిలో ఉంచి పుల్లయ్య అనీ, బిచ్చమెత్తి బిక్షమయ్య అనీ పేరు పెట్టేవారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకొని మృత్యువు వదలిపెడుతుందని వారి ఆశ. బెంగాల్‌లోను ఇదే ఆచారము. మూడు గవ్వలకు కొన్నట్లు తీన్‌కొడి, అయిదు గవ్వలకు పాంచ్‌కొడి అని పేర్లు పెట్టేవారు. 1889లో మిడ్నాపూర్ జిల్లాలో పుట్టిన ఒక బాలునికి ముందు ఇద్దరు మగపిల్లలు చనిపోయారు. అందుచేత తల్లి ఈ బిడ్డను మూడు గుప్పెళ్ల నూకలకు పెద్దకూతురికి అమ్మినట్లు చేసినది. నూకలను వారు 'ఖుద్' అంటారు. ఆ బాలుడే పద్దెనిమిదేళ్ల వయసులో, 1908 ఆగస్టు 11వ తేదీన ఉరికంబమెక్కిన ఖుదీరాం బోస్. నూకల పేరు పెట్టుకున్న ఆ బిడ్డను తలుచుకొని దేశం నేటికీ చేతులు జోడిస్తున్నది. మన సినిమా రంగంలో సి. పుల్లయ్య, పి. పుల్లయ్య గార్లు ఎంత పేరు తెచ్చుకున్నారో అందరికీ తెలిసినదే. ఆ పేర్లు చూడటానికి మొరటువి. కాని వాటి వెనుక బిడ్డ బ్రతకాలన్న తల్లి ఆరాటమున్నది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పేర్లు కూడా కలవు. మగబిడ్డ కోసం ఎదురుచూచి మళ్లీ ఆడపిల్ల పుట్టగా 'ఇక వద్దు' అన్న అర్థంలో ఆన్నాకాళి అనీ, 'మాకు వద్దు' అన్న అర్థంలో చాయ్‌నా అనీ పేర్లు పెట్టడం బెంగాల్ పల్లెల్లో ఉండేది. మా సందులో నాలుగిళ్లలో వంటపని చేసే ఒక పెద్దావిడకు అటువంటి పేరే ఉన్నది. ఆమె పేరు వినడానికి ఆంగ్లంలో చైనా దేశం పేరు వలె ఉండటం చేత, పిల్లలెవరైనా అడిగితే అది ఒక దేశం పేరని చెబుతుంది. ఒకనాడు మా ఇంటి వంటగదిలో కూరగాయలు తరుగుతూ, ఎవరూ అడగకుండానే అసలు అర్థం చెప్పినది. "మా నాన్న చెడ్డవాడు కాదమ్మా, కోపంలో పెట్టాడు. కోపం ఆ సాయంత్రానికే పోయింది. పేరు మాత్రం నాకు ఉండిపోయింది" అన్నది. ఆ మాట విన్న తరువాత మా ఇద్దరికీ ఆ పూట అన్నము సహించలేదు.

ఇది ఒక్క బెంగాల్‌కు పరిమితమైన సంగతి కాదు. మహారాష్ట్రలో 'అక్కరలేనిది' అనే అర్థంలో నకుశా అని ఆడపిల్లలకు పేరు పెట్టే అలవాటు ఉండేది. 2011 అక్టోబరులో సతారా జిల్లా యంత్రాంగం ఒక సభ జరిపి, 280 మందికి పైగా బాలికలకు వారికి నచ్చిన కొత్త పేర్లు ఇప్పించినది. మనుస్మృతి ఆడపిల్ల పేరు సులభంగా పలకదగినదై, కటువు కానిదై, అర్థము స్పష్టమై, మనసుకు ఇంపుగా ఉండాలన్నది. ఆ మాట బాగున్నది. కాని అదే గ్రంథము, దాదాపు అదే చోట, శూద్రునికి హీనమైన పేరు పెట్టాలని కూడా విధించినది. ఒక మనిషిని జీవితాంతం తక్కువగా నిలబెట్టడానికి పేరు కూడా సాధనమైనదని దీనివలన తెలుస్తున్నది. అందుచేతనే పేరు పెట్టే అధికారము చిన్నదేమీ కాదు. అప్పటికి నోరు లేని బిడ్డ మీద మనము చెలాయించే మొదటి అధికారమది.

నేటి తల్లిదండ్రులు బిడ్డలను ద్వేషించి పేర్లు పెట్టడం లేదు. ప్రేమ ఎక్కువై పెడుతున్నారు. తండ్రి పేరులో రెండక్షరాలు, తల్లి పేరులో రెండక్షరాలు కలిపి ఏ నిఘంటువులోను లేని మాట చేయడం, సంఖ్యాశాస్త్రం పేరిట ఆంగ్ల అక్షరాలను రెట్టించడం, ఆ నెల విడుదలైన చిత్రంలోని పాత్ర పేరు తగిలించడం మనము చూస్తున్నాము. ఇటువంటి మోజు ఇతర దేశాలలోనూ ఉన్నది. 2008లో న్యూజిలాండ్‌లో తొమ్మిదేళ్ల బాలిక ఒకతె, వాక్యమంత పొడవున్న తన వింత పేరును సిగ్గుతో స్నేహితులకు కూడా చెప్పుకోలేకపోతున్నదని తెలిసి, పేరు మార్చడానికి వీలుగా న్యాయమూర్తి ఆమెను కొంతకాలం కోర్టు సంరక్షణలోకి తీసుకున్నారు. తల్లిదండ్రుల ముచ్చట బిడ్డకు బరువైనదనడానికి ఇంతకంటే నిదర్శనము అక్కరలేదు.

ఈ మధ్య మా ఇంటిలోనే ఈ ప్రశ్న వచ్చినది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఆడపిల్ల పుట్టినది. హస్తా నక్షత్రము, మూడవ పాదము. పంచాంగం ప్రకారము ఆ పాదానికి చెప్పిన అక్షరము 'ణ'. ఆ అక్షరంతో మొదలయ్యే మాట తెలుగులో ఏమున్నది? మా అబ్బాయి ఫోనులో వెతికి, ణకారంతో మొదలయ్యే ఒక అయిదక్షరాల పేరు సిద్ధం చేసినాడు. అర్థము అడిగితే "అర్థమెందుకు నాన్నా, ఇంకెవరికీ ఉండదు" అన్నాడు. కోడలికి అది ఇష్టము లేదు, చెప్పలేకపోతున్నది. వియ్యపురాలు తన తల్లి పేరు కలపాలన్నారు. ఫోనులోనే మాట మాట పెరిగి, రెండు రోజులు ఎవరూ ఎవరితోను సరిగా మాట్లాడలేదు.

మేము తీర్పు చెప్పలేదు. బిడ్డ వారిది. నాలుగు పనులు చేసి చూడమని మాత్రము కోరినాము. మొదటిది, ఆ పేరును వీధి చివరి దాకా వినపడేటట్లు పదిసార్లు పిలిచి చూడవలెను. రెండవది, ఇంటిపేరుతో సహా తెలుగులోను, ఆంగ్లంలోను ఒక దరఖాస్తు మీద వ్రాసి, గడులు సరిపోతాయో లేదో చూడవలెను. మూడవది, తెలుగు రాని ఒకరి చేత చదివించి వినవలెను. నాలుగవది, ఆ పేరుగల అరవై ఏళ్ల మనిషిని ఊహించుకొనవలెను. పసిపాపకు ముద్దుగా ఉన్న పేరు డాక్టరమ్మకో, న్యాయమూర్తికో, అమ్మమ్మకో కూడా నప్పవలెను కదా!

మా అబ్బాయి ఆ అయిదక్షరాల పేరును తన కార్యాలయంలో ఒక పంజాబీ మిత్రునిచే చదివించినాడట. ఆయన మూడుసార్లు ప్రయత్నించి, చివరకు "చిన్న పేరేమైనా ఉన్నదా?" అని అడిగినాడట. ఆ రాత్రే మా కోడలు ఒక పేరు చెప్పినది. నక్షత్రనామము బారసాలనాడు చెవిలో చెప్పుకొని, వ్యవహారనామము వేరుగా ఉంచుకొనే పద్ధతి మనకు ఎన్నడో ఉన్నది. కాని ఆమె చెప్పిన పేరులో ణకారము కూడా ఉన్నది, అది మొదట గాక చివర వచ్చినది. రెండే అక్షరాలు. చదువుల తల్లి సరస్వతి పేరు. వకారము బకారమైనా ఇబ్బంది లేదు, బెంగాలీ ఇళ్లలోనూ ఆడపిల్లలకు ఆ పేరు ఉన్నది. పాఠకులు ఈపాటికి ఆ పేరును గ్రహించియే ఉంటారు. వియ్యపురాలి తల్లిగారి పేరు బిడ్డకు ముద్దుపేరైనది. ఇరవై ఒకటవ నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో మా అబ్బాయే ఆ రెండక్షరాలు వ్రాసినాడు.

ఇక కాగితాల సంగతి. జననాన్ని 21 రోజులలోగా నమోదు చేయించవలెను. పేరు మాత్రం అప్పటికే నిర్ణయించి తీరాలన్న నిర్బంధము లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారము పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చును. తరువాత 12 నెలలలోగా రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చును. ఆలస్యపు రుసుముతో 15 ఏళ్ల వరకు గడువున్నది. కనుక ఆసుపత్రి మంచం పక్కన తొందరపడి నోటికి వచ్చినది వ్రాయించనక్కరలేదు. అట్లని అశ్రద్ధ కూడా తగదు. 2023 నాటి సవరణ మేరకు, ఆ సంవత్సరం అక్టోబరు 1 నుండి పుట్టినవారికి బడిలో ప్రవేశము మొదలు డ్రైవింగ్ లైసెన్సు, ఓటర్ల జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగము వరకు పుట్టిన తేదీకి, స్థలానికి జనన ధ్రువపత్రమే ఆధారము. అందులోని అక్షరదోషము జీవితమంతా వెంట వస్తుంది.

మాలో ఒకరు చాలాకాలము సిబ్బంది విభాగంలో పనిచేసినారు. ప్రావిడెంట్ ఫండు నామినేషనులో తండ్రి ప్రేమగా కూతురి ముద్దుపేరు వ్రాసి, బడి సర్టిఫికెట్టులో మరొక పేరుండి, ఆ తండ్రి కాలం చేసిన తరువాత ఆ అమ్మాయి రెండు పేర్లూ తనవేనని నిరూపించుకోవడానికి నోటరీ చుట్టూ తిరుగవలసి వచ్చిన సందర్భాలు ఎరుగుదుము. ఇంటిపేరు మనకు మొదట, ఇక్కడివారికి చివర. పొడి అక్షరాలతో సరిపెడితే ప్రతి దరఖాస్తులోను ఒక్కొక్క విధముగా విప్పుతారు. మనము తకారానికి ఆంగ్లంలో 'టీ' పక్కన 'హెచ్' వ్రాస్తాము. ఇక్కడ దానిని థకారముగా చదువుతారు. ఏది వ్రాసినా అన్ని కాగితాలలో ఒకే తీరున వ్రాయుట శ్రేయస్కరము.

పేరు నచ్చకపోతే పెద్దయ్యాక మార్చుకొనే వీలు లేకపోలేదు. తన పేరు తనకు నచ్చినట్లు ఉంచుకొనే హక్కు వ్యక్తి గుర్తింపులో భాగమని, కేంద్రీయ మాధ్యమిక విద్యామండలికి సంబంధించిన ఒక వ్యాజ్యంలో 2021లో సుప్రీంకోర్టు కూడా అన్నది. కాని ప్రమాణపత్రము, పత్రికా ప్రకటన, గెజెట్టు, ఆపై ప్రతి సర్టిఫికెట్టు దిద్దించుట సామాన్యులకు అంత తేలిక కాదు. మా సందులోని పెద్దావిడకు అది ఆలోచనకు కూడా అందని దూరము.

ఉత్తరాంధ్ర నుండి హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు, ఖరగ్‌పూర్ రైల్వేకు తరలివచ్చిన తెలుగు కుటుంబాలలో అప్పలస్వామి, పైడితల్లి, సింహాచలం, నూకరాజు అనే పేర్లు వినిపిస్తాయి. ఆ పేర్లు విన్నంతనే వారి ఊరు, ఇలవేల్పు తెలుస్తాయి. నేటి యువకులకు అవి మోటుగా తోచవచ్చును. అటువంటి పేరు పెట్టుకున్న పిల్లవాడిని బడిలో ఎవరైనా వెక్కిరిస్తే, దాని వెనుకనున్న కొండను, గుడిని, తాతను చూపి చెప్పడానికి తల్లిదండ్రుల వద్ద ఒక కథ ఉన్నది. అర్థము లేని పేరు పెట్టిన వారి వద్ద ఆ కథ కూడా ఉండదు.

ఒకరు చేసిన పనిలో వంక లేకపోతే "పేరు పెట్టనక్కరలేదు" అంటాము. బిడ్డ పేరు కూడా అట్లే ఉండవలెను. పేరును ఎంచేది మనము, మోసేది బిడ్డ. మన సంస్థ కుటుంబాలలో ఈ ఏడు ఉయ్యాలలో పడుకోబోయే చిన్నారులందరికీ, వారు పెద్దవారై పదిమందిలో తల ఎత్తి చెప్పుకోగల పేర్లు లభించు గాక!